సోషల్ సైన్సెస్ ఫైలు: నాక్ కోసం మా నలుగురి వివరాలు రాసిన అనుభవం

2023లో మా కాలేజీకి నాక్ (కాలేజీల నాణ్యత చూసి గ్రేడు ఇచ్చే జాతీయ సంస్థ) పీర్ టీమ్, అంటే తనిఖీ బృందం, వచ్చి వెళ్లింది. బి++ గ్రేడు వచ్చింది, అంటే 4 పాయింట్లకు 2.76కీ 3కీ మధ్య. అనంతపురం వైపు ఒక మండల కేంద్రంలో, అందరినీ కలిపినా పద్నాలుగు మంది లెక్చరర్లు లేని ప్రభుత్వ డిగ్రీ కాలేజీకి అది చిన్న సంగతి కాదు. ఆ రోజు ఆఫీసు అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరం స్వీట్లు పంచుకున్నాం. అయితే నేను చెప్పాలనుకున్నది గ్రేడు సంగతి కాదు, దానికి ముందు నాలుగు నెలల పాటు నేను మోసిన ఒక ఫైలు సంగతి.

ఐక్యూఏసీ (కాలేజీలో నాణ్యత పనులు చూసే కమిటీ) కోఆర్డినేటర్ మా మ్యాథ్స్ సార్. ఒక మధ్యాహ్నం స్టాఫ్ రూములో నా ముందు ఒక ఎక్సెల్ షీటు పెట్టి, "మేడం, మీ సోషల్ సైన్సెస్ వాళ్లవన్నీ మీరే చూసుకోవల్ల. రెండో క్రైటీరియన్ ఇది. వెయ్యి మార్కుల్లో 350 దీనివే" అన్నారు. పేరు, హోదా, చేరిన తేదీ, నియామకం ఏ రకం, అత్యున్నత అర్హత. ఐదేళ్లకు ఐదు షీట్లు. రెండు రోజుల పనిలే అనుకున్నాను.

మా దగ్గర సోషల్ సైన్సెస్ అంటే మెట్ల పక్కన ఉన్న రెండు గదులు. హిస్టరీ, ఎకనామిక్స్, పొలిటికల్ సైన్స్. ఊళ్లో మాత్రం 'హెచ్ఈపీ' అంటేనే అందరికీ తెలుస్తుంది. 2023-24 నుంచి రాష్ట్రంలో సింగిల్ మేజర్ (డిగ్రీకి ఒకే ప్రధాన సబ్జెక్టు) వచ్చి ఆ మూడింటి జట్టు విడిపోయింది. నాక్‌కు కావలసింది వెనకటి ఐదేళ్ల లెక్క కాబట్టి నా ఫైలు మాత్రం హెచ్ఈపీ ఫైలే. మేం నలుగురం. హిస్టరీ సార్ కాంట్రాక్ట్, ఎకనామిక్స్ మేడం రెగ్యులర్, పొలిటికల్ సైన్స్‌లో నేను రెగ్యులర్, నాకు తోడుగా ఒక గెస్ట్ ఫ్యాకల్టీ కుర్రాడు.

షీటులో ఒక నిబంధన ఉంది: ఒక్కొక్కరికీ అత్యున్నత డిగ్రీ ఒక్కటే లెక్కలోకి తీసుకోవాలి. పీహెచ్‌డీ ఉంటే పీహెచ్‌డీ, లేకపోతే నెట్ లేదా సెట్ (లెక్చరర్ అర్హతకు జాతీయ, రాష్ట్ర స్థాయి పరీక్షలు). ఆ అర్హత ఉన్నవాళ్ల శాతం తీయాలంటే అలాగే అడగాలి, అందులో తప్పేమీ లేదు. నేను ఆ ఒక్క డిగ్రీ అడగడానికే ఒక్కొక్కరి దగ్గరికీ వెళ్లాను. వాళ్లు మాత్రం కింది మెట్టు నుంచి మొదలుపెట్టారు.

హిస్టరీ సార్‌ది ధర్మవరం, పట్టుచీరల మగ్గాల ఇల్లు. ఇంటర్ తప్పి మగ్గం గుంటలో కూర్చున్నారు. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో ఎలిజిబిలిటీ టెస్టు రాస్తే ఇంటర్ లేకపోయినా డిగ్రీలో చేరొచ్చని ఒక నూలు కొట్టాయన చెప్పాడట. పగలు నేత, ఆదివారాలు స్టడీ సెంటరు. బీఏ అయ్యాక శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో రెగ్యులర్‌గా ఎంఏ, తర్వాత ఎంఫిల్. విజయనగర కాలపు నేతగాళ్ల మీద ఎంఫిల్ చేశారు. శాసనాల్లో మగ్గాల మీద పన్ను కనిపించిన ప్రతిచోటా పెన్సిల్‌తో గీత గీసిన ఆయన నోటుబుక్కు ఇప్పటికీ గదిలో ఉంది. ఏటా పిల్లల్ని లేపాక్షి తీసుకెళ్లి, వీరభద్రస్వామి గుడి పైకప్పు మీది బొమ్మల్లో స్త్రీలు కట్టిన చీరల అంచులు చూపించి, "ఈ అంచు మా నాయన నేసినాడు" అంటారు. పదహారో శతాబ్దపు బొమ్మ అది. పిల్లలు మొదట తెల్లబోతారు. అదే డిజైను ఇప్పటి నేతలోనూ ఉందని ఆయన చెప్పాక మళ్లీ తలెత్తి చూస్తారు. అలా మెడలు నొప్పెట్టేదాకా చూసిన పిల్లలు హిస్టరీ మర్చిపోగా నేను చూడలేదు.

ఆయనకు నెట్ లేదు, పీహెచ్‌డీ లేదు. పద్దెనిమిదేళ్ల సర్వీసు, వందల మంది విద్యార్థులు. షీటులో అర్హత గడి ఖాళీ. ఆ గడి ముందు నేను చాలాసేపు కూర్చున్నాను. ఆయనే వచ్చి, "లేనిది లేదనే రాయి మ్మా, దాంట్లో ఏముంది" అన్నారు.

ఎకనామిక్స్ మేడంది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. సాంఘిక సంక్షేమ గురుకులంలో ఐదో తరగతిలో సీటు రావడంతో ఇల్లు వదిలారు. పీహెచ్‌డీ తిరుపతిలో, శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీలో, వేరుశనగ రైతుల అప్పుల మీద చేశారు. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా కురిసే నేలలో వేరుశనగ వేసేవాడికి అప్పు తప్పదని ఆమె పుస్తకంలో చదివి తెలుసుకోలేదు. విత్తనాల వేళకు వాళ్ల నాయన షావుకారు దగ్గర తెచ్చే డబ్బుకు 'నూటికి మూడు రూపాయలు' వడ్డీ. ఆ మూడు రూపాయలు నెలకని, ఏడాదికి 36 శాతమవుతుందని తనకు అర్థమైన రోజు ఏడో తరగతిలో ఉన్నానని చెప్పారు. మొదటి సెమిస్టరు మొదటి క్లాసులో ఇప్పటికీ ఆ లెక్కే వేయిస్తారు. పిల్లలు ఇంటికి వెళ్లి వాళ్ల నాయన ప్రోనోటు అడిగి చూసి వస్తారు. ఒకసారి ఒక తండ్రి కాలేజీకి వచ్చి, బ్యాంకులో పంట రుణం ఎట్ల తీసుకోవాలో ఆమెనే అడిగి వెళ్లాడు.

ఆమెతో చిక్కు వేరే వచ్చింది. పదో తరగతి సర్టిఫికెట్ మీద పుట్టింటి ఇంటిపేరు, పీహెచ్‌డీ ప్రొవిజనల్ (తాత్కాలిక) సర్టిఫికెట్ మీద అత్తింటి ఇంటిపేరు. ఓడీ (అసలు డిగ్రీ పట్టా) ఇంకా తీసుకోలేదు. దరఖాస్తు పెట్టి ఫీజు కట్టి ఎదురుచూస్తే గడువు లోపల రాలేదు. చివరికి రెండు పేర్లూ ఒకరివేనని నోటరీ అఫిడవిట్ రాయించి, ప్రొవిజనల్‌తో జతచేశాం. ఇలాంటి పని చేయబోయే వాళ్లకు, ముఖ్యంగా పెళ్లి తర్వాత పేరు మారిన ఆడవాళ్లకు ఒక మాట: ఓడీలు ఇప్పుడే తీసి పెట్టుకోండి. నాక్ కోసమే కాదు, ప్రమోషన్‌కూ అవే కావాలి.

ఎస్ఎస్ఆర్ (కాలేజీ తన గురించి తానే నాక్‌కు ఇచ్చే నివేదిక) అప్‌లోడ్ చేశాక డీవీవీ (మనం ఇచ్చిన వివరాల తనిఖీ) ప్రశ్నలు వచ్చాయి. హిస్టరీ సార్ ఐదేళ్ల రెన్యువల్ ఉత్తర్వులు, హాజరు రిజిస్టర్లు పంపమన్నారు. నాక్ లెక్కలో పూర్తికాలపు అధ్యాపకుడంటే ఒక విద్యా సంవత్సరంలో నిర్ణీత పనిగంటల్లో కనీసం 90 శాతం పనిచేసినవారు. కాంట్రాక్ట్ అయినా ఆ మేరకు పనిచేస్తే లెక్కలోకి వస్తారు. స్టోర్ రూములో చెదలు తినగా మిగిలిన రిజిస్టర్లు ఆయనా నేనూ మూడు సాయంత్రాలు దులిపి, పేజీలు స్కాన్ చేశాం. 90 శాతం ఎప్పుడో దాటిపోయారు. సెలవు పెట్టిన రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

కానీ అదే నిబంధన దగ్గర గెస్ట్ కుర్రాడు ఆగిపోయాడు. మా నలుగురిలో కాగితం మీద అందరికంటే పెద్ద చదువు అతనిదే. నెట్, జేఆర్ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్), హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో పీహెచ్‌డీ. అమ్మానాన్నలు బెంగళూరులో అపార్టుమెంట్ల పనికి వలస వెళితే, అవ్వ దగ్గర ఉండి ఊరి బడిలో చదివాడు. పీహెచ్‌డీ ఆ బెంగళూరు కట్టడాల కూలీల మీదే. ఊళ్లో ఓటు, నగరంలో బతుకు; వాళ్లని ఏ ప్రభుత్వం లెక్కలో రాసుకుంటుందన్నది అతని ప్రశ్న. మాకు గంటల లెక్కన వస్తాడు. పొద్దున మా దగ్గర, మధ్యాహ్నం బస్సెక్కి ఇంకో కాలేజీలో. రెండు చోట్లా కలిపితే మాకంటే ఎక్కువ గంటలే చెబుతాడు. ఏ ఒక్క చోటా 90 శాతం కాదు. అతని పేరు షీటులో చేర్చడానికి వీల్లేదు.

ఆ మాట అతనికి నేనే చెప్పాలి. చెప్పాను. "ఫర్వాలేదు మేడం, నా థీసిస్ అంతా ఇదే కదా" అన్నాడు. నాకు గొంతు పట్టేసింది.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పీర్ టీమ్ వచ్చినప్పుడు ప్రతి డిపార్ట్‌మెంటూ తన ప్రొఫైల్ ఫైలు బల్ల మీద పెడుతుంది. దాంట్లో ఏం పెట్టాలన్నది చాలావరకు మన చేతిలోనే ఉంటుంది. మర్నాడు ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్లి, షీట్లు షీట్లలాగే ఉంటాయి, ఫైలులో మాత్రం నలుగురికీ తలా ఒక పేజీ పెడతానన్నాను. ఎక్కడ పుట్టారు, ఏ బడి, ఈ సబ్జెక్టుకు ఎలా వచ్చారు, క్లాసులో అది ఎలా పనికొస్తోంది. గెస్ట్ కుర్రాడి పేజీలో గెస్ట్ ఫ్యాకల్టీ అని స్పష్టంగా రాసే పెడతానన్నాను. ఆయన కళ్లజోడు తీసి, "అబద్ధం ఒక్కటీ ఉండకూడదు మ్మా" అన్నారు. అంతే.

రాయడానికి వారం పట్టింది. రాసిన ప్రతి పేజీ వాళ్లకే చదివి వినిపించాను. హిస్టరీ సార్ ఇంటర్ తప్పిన సంగతి తీసేయమంటారేమోనని భయపడ్డాను. ఆయన దాని పక్కన సంవత్సరం కూడా రాయించారు.

టీమ్ రావడానికి ముందు సాయంత్రం ఫైలు కుట్టిస్తుంటే ఎకనామిక్స్ మేడం పేజీలు తిప్పి, "నీదేదీ?" అన్నారు. మూడే ఉన్నాయి. నాది రాయనే లేదు. ఏం రాయాలో కూడా తోచలేదు. నెట్ ఉంది, రెగ్యులర్ పోస్టు ఉంది, షీటులో నాకు ఏ ఇబ్బందీ రాలేదు కాబట్టి నా గురించి ఆలోచించనే లేదు.

ఇంటికి వెళ్లి అమ్మకు ఫోన్ చేశాను. కొత్త పంచాయతీరాజ్ చట్టం 1994లో వచ్చాక 1995లో ఎన్నికలు జరిగాయి. మా ఊరు మహిళకు రిజర్వయింది. అమ్మ సర్పంచ్ అయింది. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఇంటికొచ్చినవాళ్లు నాయనతోనే మాట్లాడేవాళ్లు, కాగితాలు నాయన చేతికే ఇచ్చేవాళ్లు. అమ్మ వాకిట్లో నిలబడి వింటూ ఉండేది. ఆ వాకిలే నా మొదటి పొలిటికల్ సైన్స్ క్లాసు. ఇన్నేళ్లుగా స్థానిక స్వపరిపాలన పాఠం చెబుతూ కూడా పిల్లలకు ఆ సంగతి ఒక్కసారీ చెప్పలేదు.

"అమ్మా, నువ్వు సర్పంచ్‌గా మొదట సంతకం పెట్టిన కాగితం ఏదో గుర్తుందా?" అని అడిగాను.

"అదెట్ల మర్చిపోతాను పాపా," అంది. "బడికి గోడ కట్టల్లని తీర్మానం. మీ నాయన ఊళ్లో లేని రోజు. కార్యదర్శి రేపొస్తానన్నాడు. వద్దు, ఇప్పుడే చదివి వినిపించు అని కూర్చోబెట్టినాను. రెండుసార్లు చదివించుకొని పెట్టినాను."

నాలుగో పేజీలో మొదటి వాక్యంగా అదే రాశాను.