నాన్నగారి పేరిట వచ్చిన చెక్కు

నాన్నగారు కాలం చేసిన కొన్ని వారాలకు చెన్నై మైలాపూరులోని మా ఇంటికి ఆయన పేరిట ఒక చెక్కు వచ్చింది. ఎన్నడో ఒక సంస్థకు కట్టిన డిపాజిట్టును వారు తిరిగి పంపారు. చెక్కు ఎడమవైపు పై మూలన రెండు గీతలు, వాటి మధ్య ‘ఎ/సి పేయీ’ అన్న ముద్ర ఉన్నాయి. ఆ ముద్ర పడిన చెక్కు ఎవరి పేరిట రాశారో వారి ఖాతాలోనే జమ కావాలి తప్ప, వెనుక సంతకం చేసి మరొకరి ఖాతాకు మళ్లించుకునే వీలు లేదు.

బ్యాంకుకు కబురు అందక ముందే చెక్కును డ్రాప్ బాక్సులో వేసి, ఆ తరువాత ఏటీఎం కార్డుతో సొమ్ము తీసేసుకోమని పరామర్శకు వచ్చిన బంధువు ఒకాయన సలహా ఇచ్చారు. ఆయన మా మేలు కోరే అన్నారు గానీ, మనిషి పోయిన క్షణం నుంచి ఆ సొమ్ము వారసులందరిదీ అవుతుంది కనుక, కార్డు ఎవరి చేతిలో ఉంటే వారు తీసుకోవడం రేపటి తగాదాకు విత్తనం వేయడమే.

ఇలా ఆలస్యంగా వచ్చి పడే సొమ్ముల విషయమై రిజర్వు బ్యాంకు 2005 జూన్‌లోనే బ్యాంకులకు రెండు దారులు చూపింది. చనిపోయిన వ్యక్తి ‘ఎస్టేట్’ (అంటే ఆయన వదిలి వెళ్లిన ఆస్తి) పేరిట ఒక ఖాతా తెరిచి, అందులోంచి ఎవరూ తీయకూడదన్న షరతుతో సొమ్మును జమ చేయవచ్చు. లేదా ‘ఖాతాదారు మరణించారు’ అని రాసి వెనక్కు పంపి, ఆ సంగతి నామినీకి తెలియజేయవచ్చు. అప్పుడు వారసులు చెక్కు ఇచ్చినవారినే అడిగి, తగిన వ్యక్తి పేరిట మార్పించుకోవాలి. చివరకు వెళ్లవలసింది అక్కడికే అయినప్పుడు బ్యాంకు చుట్టూ తిరగడం ఎందుకని, మేము నేరుగా ఆ సంస్థకే ఉత్తరం రాసి, మరణ ధ్రువపత్రం నకలు జతచేసి, చెక్కును రిజిస్టర్డ్ పోస్టులో తిప్పి పంపాము. పంపే ముందు రెండు వైపులా జెరాక్సు తీసి ఉంచాము.

అమ్మ బెంగ మాత్రం గడువు గురించే. 2012 ఏప్రిల్ 1 నుంచి చెక్కు రాసిన తేదీ మొదలు మూడు నెలలే చెల్లుతుంది. అయితే చెక్కుకు కాలం చెల్లినంత మాత్రాన బాకీ తీరిపోదు. సంస్థ మరో చెక్కు రాసివ్వాలి, అంతే. ఈ ఒక్క సంగతి అర్థమైతే సగం కంగారు తగ్గుతుంది. అలాగని ఏళ్ల తరబడి నాన్చితే బాకీ కోసం దావా వేయడానికి గడువు పెట్టే కాలపరిమితి చట్టం అడ్డొస్తుంది.

సంస్థ వారు వారసత్వ ధ్రువపత్రం అడిగారు. తమిళనాడులో దానిని తహసీల్దారు ఇస్తారు, ప్రభుత్వ సేవలందించే ఇ-సేవై కేంద్రంలో దరఖాస్తు చేసుకోవచ్చు. అమ్మ, నేను, పెళ్లయి హైదరాబాదులో ఉన్న చెల్లెలుతో పాటు నాయనమ్మ పేరు కూడా రాయించాము. పెద్దావిడ పేరెందుకని కొందరు అన్నారు. హిందూ వారసత్వ చట్టం ప్రకారం మృతుని తల్లి భార్యాపిల్లలతో సమానంగా మొదటి తరగతి వారసురాలు. తండ్రికి ఆ స్థానం లేదు. చాలా ఇళ్లలో మరిచిపోయేది ఈ తల్లినే.

అసలు చిక్కు ఇనీషియల్ దగ్గర వచ్చింది. మనకు పేరు ముందుండే అక్షరం ఇంటిపేరుది, ఇక్కడివారికి తండ్రి పేరుది. ఆసుపత్రిలో ఫారం నింపినవారు తమ అలవాటు కొద్దీ తాతగారి పేరులోని మొదటి అక్షరం వేయడంతో, మరణ ధ్రువపత్రంలో ఉన్న మనిషి, చెక్కు మీద ఉన్న మనిషి వేరువేరయ్యారు. రెండు పేర్లూ ఒకరివేనని స్టాంపు కాగితం మీద అఫిడవిట్ రాయించి నోటరీ చేయించాక గానీ దస్త్రం కదలలేదు. చెన్నైలోని తెలుగువారు ధ్రువపత్రం చేతికి అందిన రోజే ఆ అక్షరం సరిచూసుకోవడం మంచిది.

మిగిలిన ముగ్గురమూ అభ్యంతరం లేదని సంతకాలు చేసి ఇచ్చాము. కొత్త చెక్కు అమ్మ పేరిట వచ్చింది. ఆదాయపు పన్ను రిఫండ్ సంగతి వేరు: దానికి ఇ-ఫైలింగ్ పోర్టల్‌లో చట్టబద్ధ వారసులుగా నమోదు చేసుకుని, నాన్నగారు జీవించి ఉన్న నాటి వరకు వచ్చిన ఆదాయానికి ఆయన తరఫున మేమే రిటర్ను వేయాలి. వారసత్వ ధ్రువపత్రం దానికీ పనికొస్తుంది.