మా కలాసీల వార్త జాతీయ పేపర్ ఎక్కేదాకా

విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో మాకో మరబోటు ఉంది. వేట సంగతి నాన్న చూసుకుంటారు, కాగితాల పని నాది. బోటు మీద పనిచేసే కలాసీల్లో సగం మంది శ్రీకాకుళం తీరం వాళ్లు, మాకు చుట్టాలే. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా తూర్పు తీరమంతా 61 రోజులు వేట నిషేధం. ఆ రెండు నెలలకూ ప్రభుత్వం ఇచ్చే భృతిని 2025లో 10,000 నుంచి 20,000 రూపాయలు చేశారు. తీరా జాబితా చూస్తే మా చిన్నాన్న పేరూ, ఇంకొందరి పేర్లూ లేవు. ఇక్కడ అడిగితే ఆధార్ శ్రీకాకుళంది, అక్కడే రాయించుకోమన్నారు. అక్కడికెళ్తే బోటు విశాఖది కదా అన్నారు.

తెలుగు పేపర్లో వేయించడం పెద్ద కష్టం కాలేదు. విలేకరి జెట్టీ మీదకే వచ్చి ఫొటో తీసుకున్నాడు, మర్నాడే జిల్లా పేజీలో సింగిల్ కాలమ్ పడింది. ఫోన్ చేసి చెబితే చిన్నాన్న "మా ఊరి పేపర్లో లేదురా" అన్నాడు. ఉండదు మరి. విశాఖ జిల్లా పేజీ విశాఖ దాటదు. రెండు జిల్లాల మధ్య నలిగే గొడవ ఒక జిల్లా పేజీలో పడి ఏం లాభం? జాతీయ పత్రికలో రావాలన్న పంతం అప్పుడు పట్టుకుంది.

ఎడిటర్లకు పెట్టిన మెయిళ్లకు ఉలుకూ పలుకూ లేదు. తెలిసినవాళ్ల ద్వారా ఒక ఇంగ్లీషు పత్రిక విశాఖ విలేకరిని జగదాంబ జంక్షన్ దగ్గర కలిశాను. ఆమె నా ఫైలంతా ఓపిగ్గా తిరగేసి, "ఇది ఇవాళే ఎందుకు వేయాలి?" అని అడిగారు. నాకు ఒళ్లు మండింది. "వాళ్లకు తిండి ఇవాళే కావాలి మేడమ్" అన్నాను.

ఆమె నొచ్చుకోలేదు. ఫోన్ తీసి, ఆ మధ్యాహ్నం విజయవాడ బ్యూరోకి తను పంపిన జాబితా చూపించారు. ఒక్కో వార్తకు ఒకటే లైను. విజయవాడలో అన్ని జిల్లాల లైన్లూ కలుస్తాయి, కొన్ని రాలిపోతాయి. మిగిలినవి ప్రధాన కార్యాలయంలో సాయంత్రం మీటింగ్‌కి వెళ్తాయి. మొదటి పేజీకి ఏది, లోపలికి ఏది అన్నది అక్కడ తేలుతుంది. అంతకంటే ముందే ప్రకటనలు వేసిన పేజీ డమ్మీ, అంటే పేజీ నమూనా, వార్తలు దిద్ది పేజీలు పెట్టే డెస్క్‌కి వచ్చేస్తుంది. వాటికి పోగా మిగిలిన జాగాలోనే దేశమంతా సర్దుకోవాలి. బంగారం షాపు ఫుల్ పేజీ ఇచ్చిన రోజున మా లైను గతేమిటో నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"చెన్నైలో చదివేవాడికి మీ చిన్నాన్నతో ఏం పని?" అన్నది రెండో ప్రశ్న. దీనికి మాత్రం నా దగ్గర జవాబు ఉంది. తమిళనాడులోనూ ఇదే నిషేధం, ఇవే రోజులు. అప్పట్లో అక్కడ కుటుంబానికి 8,000 ఇచ్చేవారు. ఒడిశాలోనూ నిషేధం ఉంది. ఒక జిల్లాలో ఇల్లు, ఇంకో రేవులో పని అన్నవాళ్లు ఈ తీరం పొడవునా ఉన్నారు. ఆమె అప్పుడు పెన్ను తీశారు. పేర్లు, బోటు రిజిస్ట్రేషన్ కాగితాలు, తిప్పి పంపిన అర్జీల నకళ్లు, అధికారుల వివరణ, అన్నీ కావాలన్నారు. అవతలి మాట లేకుండా వార్త పంపితే డెస్క్ వెనక్కి కొడుతుందట.

ఏప్రిల్ 26న శ్రీకాకుళం జిల్లా బుడగట్లపాలెంలో ముఖ్యమంత్రి చేతుల మీదుగా భృతి పంపిణీ ఉంది. ఆ రోజుకి వేద్దామనుకున్నారు. 22న పహల్గాంలో 26 మందిని కాల్చి చంపారు. ఇక పేపర్లో వేరే మాటే లేదు, ఉండకూడదు కూడా. 30న సింహాచలం చందనోత్సవంలో గోడ కూలి ఏడుగురు పోయారు, విశాఖ అలా మొదటి పేజీకి ఎక్కింది. మే 7న ఆపరేషన్ సిందూర్. జూన్ 14న నిషేధం ముగిసే రోజైనా వస్తుందనుకుంటే, 12న అహ్మదాబాద్‌లో విమానం కూలింది. ప్రతిసారీ ఆమె ఫోన్ చేసి "హోల్డ్‌లో పెట్టారండీ" అనేవారు. వార్తను చంపేశారు, అంటే పూర్తిగా తీసేశారు, అనకుండా హోల్డ్ అంటే ఇంకా బతికే ఉందని అర్థం చేసుకున్నాను.

ఎవరి మీదా కోపం లేదు గానీ, ఒక సంగతి మాత్రం మింగుడుపడదు. 2018 నవంబరులో గుజరాత్ వైపు వేటకెళ్లి పాకిస్తాన్‌కు చిక్కినవాళ్లూ మా ఉత్తరాంధ్ర జాలర్లే. 2020 జనవరిలో వాళ్లు వాఘా దాటి వస్తుంటే దేశమంతా చూసింది. 2023 నవంబరు 19 రాత్రి మా హార్బర్‌లో బోట్లు తగలబడితే ఎవరూ పిలవకుండానే కెమెరాలు దిగాయి. అదే కలాసీ పొట్టకు లేక ఇంట్లో కూర్చుంటే ఫొటోకి పనికిరాడు. మంట కావాలి, లేదంటే సరిహద్దు కావాలి.

జూన్ 21న ప్రధాని యోగా దినోత్సవానికి ఆర్కే బీచ్‌కి వచ్చారు. ఆ హడావుడి సద్దుమణిగాక, వార్తలు పలచబడిన ఒక సోమవారం మాది పడింది. లోపలి పేజీ, మూడు కాలమ్‌లు. శీర్షికలో విశాఖ లేదు, తూర్పు తీరం వలస జాలర్లు అని ఉంది. చిన్నాన్న మాట ఒక్క వాక్యం మిగిలింది, ఫొటో తమిళనాడుది. అయినా ఆ వారంలోనే పైనుంచి వివరణ అడిగారని తెలిసింది, మా వాళ్ల పేర్లు మళ్లీ రాసుకున్నారు.

పేపర్ చూపిస్తే చిన్నాన్న అటూ ఇటూ తిప్పి, "ఇంగిలీషులో బాగానే ఏసినారు గానీ, డబ్బులెప్పుడు పడతాయో రాసినారేట్రా?" అన్నాడు.

రాయలేదు. విలేకరి మేడమ్ మాత్రం వచ్చే ఏడాది పేర్లు మార్చిలోనే పంపమన్నారు. ఏప్రిల్ 15కి ముందే తన జాబితాలో పెడతారట.