బేకరీ అమ్మాయి రాసిన రోము కబుర్లు

మన స్కూలు పాత విద్యార్థుల కమిటీ వాళ్లు గ్రూపులో మూడుసార్లు అడిగారు, రెండు పేజీలు చాలు ఏదో ఒకటి రాయమ్మా అని. రాద్దామని కూర్చుంటే బాదం చెట్టు, పగిలిన గంట, సైకిల్ షెడ్డు అన్నీ ఒకేసారి గుర్తొచ్చాయి. నీళ్ల ట్యాంకు సంగతి ఎలాగూ ఎవరో ఒకరు రాస్తారు, నేను మాత్రం మన సోషల్ మాస్టారి గురించే రాస్తా, అదీ ఒక్క క్లాసు గురించి.

తొమ్మిది బి, అన్నాలు తిన్నాక పీరియడ్, రోమన్ సామ్రాజ్యం పాఠం. మాస్టారు పుస్తకం మూసేసి "రాజుల పేర్లు మీరే బట్టీ పట్టుకోండి, నాకొకటి చెప్పండ్రా, రోము ఊళ్లో పది లక్షల మంది జనం, వాళ్లకి రోజూ రొట్టె ఎవరు కాల్చి పెట్టారు?" అన్నారు. ఎవ్వరూ నోరు మెదపలా. నా వైపు తిరిగి "అమ్మాయ్ బేకరీ, మీ నాన్న ఎన్నింటికి లేస్తాడమ్మా?" అన్నారు. రెండున్నరకండీ అన్నా. "బస్టాండు దగ్గర ఒక్క కొట్టుకే రెండున్నరకి లేవాలి, మరి పది లక్షల మందికి?"

అంతే, ఆ పీరియడ్ అయిపోయింది, తర్వాతి ఆటల పీరియడ్ కూడా అయిపోయింది (వాలీబాల్ బ్యాచ్‌కి ఆ కోపం ఇంకా పోలేదని నాకు తెలుసు). ఈజిప్టు నుంచి, ఉత్తర ఆఫ్రికా నుంచి ఓడల్లో గోధుమలు రావడం, గాడిదలు తిరగలి తిప్పడం, స్పెయిన్ నుంచి నూనె తెచ్చిన జాడీలు పగలగొట్టి ఒకేచోట పోస్తే అదే పెద్ద గుట్ట అయిపోయి ఇప్పటికీ ఊళ్లో అలాగే ఉండటం, ఇవన్నీ చెప్పారు. రెండు వేల ఏళ్ల కిందట ఓ గ్రీకు వర్తకుడు రాసుకున్న పుస్తకంలో మన కృష్ణా తీరం మసాలియా పేరుతో ఉందని, అక్కడ నూలు బట్టలు బాగా నేస్తారని రాశాడని కూడా ఆ రోజే విన్నాం. శనివారం అందర్నీ లైన్లో మా బేకరీకి నడిపించుకొచ్చారు కదా, బన్నుల సంగతి మీకు గుర్తుంటుంది, నాకు గుర్తున్నది మాత్రం మాస్టారు పొయ్యి దగ్గర నిలబడి నాన్నని ఒక్కో ప్రశ్న అడిగి నోట్‌బుక్‌లో రాసుకోవడం. మా నాన్నకి తెలిసిన పనిని ఎవరన్నా రాసుకోవడం నేను అదే మొదటిసారి చూశా.

తర్వాత ఇంటరూ, హాస్టలూ, ఢిల్లీ, పీహెచ్‌డీ అన్నీ అయ్యాయి. ఇప్పుడు ఇంగ్లండులో యూనివర్సిటీ పిల్లలకి ప్రాచీన రోము చెప్తున్నా, సాయంత్రాలు లైబ్రరీల్లో మామూలు జనానికి చెప్తా, ఉగాదికి మన తెలుగు పిల్లలకి తెలుగులోనే చెప్తా. అదే నాకు ఎక్కువ ఇష్టం. నీరో అనీ గ్లాడియేటర్లనీ మొదలుపెడితే నోళ్లు తెరుచుకుని వింటారు, మర్నాటికి మర్చిపోతారు. అదే ఇటలీలో హెర్క్యులేనియం అనే పాత రోమన్ ఊళ్లో దొరికిన రొట్టె ఫోటో పెడితే, క్రీస్తు శకం 79లో వెసూవియస్ అగ్నిపర్వతం బద్దలైనప్పుడు బొగ్గయిపోయిన రొట్టె అది, మీద ముద్ర ఉంటుంది, క్వింటస్ గ్రానియస్ వేరస్ బానిస కెలెర్‌ది అని. ఆ పేరు పిల్లల చేత పైకి చదివిస్తా. ఇక ప్రశ్నలే ప్రశ్నలు. 2012లో చరిత్రకారిణి మేరీ బియర్డ్ బీబీసీలో చక్రవర్తుల్ని పక్కన పెట్టి సమాధి రాళ్ల మీద రాతలు చదువుతూ మామూలు రోమన్ల కథ చెప్తుంటే నాకు కళ్లనీళ్లు తిరిగాయి, ఈ పద్ధతి నేను తొమ్మిది బి లోనే చూశా.

2018లో నాన్నని రోము తీసుకెళ్లా. కొలోసియం చుట్టూ ఓ గంట తిప్పి నేరుగా పోర్టా మజ్జోరే అనే పాత నగర ద్వారం దగ్గరికి తీసుకెళ్లిపోయా, ట్రాములు మలుపు తిరిగే చోట యూరిసేసెస్ అనే రొట్టెల కాంట్రాక్టరు సమాధి ఉంటుంది. క్రీస్తు పూర్వం మొదటి శతాబ్దం నాటిది. బానిసగా ఉండి విడుదలైన మనిషే అయ్యుంటాడని చాలామంది అంటారు. పైన రాతిలో వరసగా చెక్కి ఉంటుంది, పిండి జల్లించడం, గాడిద తిరుగుతుంటే పిండి కలవడం, ముద్దలు చెయ్యడం, పొయ్యిలో పెట్టడం, తూకం వెయ్యడం. నాన్న కంచె పట్టుకుని అరగంట అలా నిలబడిపోయాడు. గోడల నిండా పెద్ద పెద్ద గుండ్రటి కన్నాలు, అవి ధాన్యం కొలిచే పాత్రలని కొందరు, పిండి కలిపే తొట్లని కొందరు పండితులు వాదించుకుంటారని చెప్పా.

"తొట్లేనమ్మా, కడిగి పక్కకి పడుకోబెట్టినట్టున్నాయి, రాత్రి పని అయ్యాక మనం పెట్టమూ?" అన్నాడు.

అక్కడి నుంచే మాస్టారికి ఫోన్ చేసి ఈ మాట చెప్పా. కాసేపు ఏం మాట్లాడలా. తర్వాత "ఉండు, పెన్ను తెచ్చుకుంటా, మీ నాన్నకివ్వు ఫోను" అన్నారు.