కావలి నుంచి కనిగిరి దాకా: మామిడి తోటల దారిలో

సంక్రాంతి దాటాక ఈ దారిన వెళ్తే ఏ తోట పరిస్థితి ఏమిటో రోడ్డు మీద నుంచే తెలిసిపోతుంది. పూత వచ్చిన చెట్టు, రాని చెట్టు దాచినా దాగవు. కొనడానికి తోట చూద్దామని కావలిలో రైలు దిగి కలిగిరి, వింజమూరు మీదుగా ఉదయగిరి చేరాం. అక్కణ్ణుంచి దుత్తలూరు, పామూరు దాటి కనిగిరి.

కలిగిరి దాటాక నేల ఎర్రబడుతుంది. ఎర్ర గరప, మధ్యమధ్య గులకరాయి. మామిడికి ఇది చాలు. అయితే పై మట్టిని చూసి మురిసిపోకూడదు. వింజమూరు దగ్గర ఒక కొత్త తోటలో గుంతలు తీస్తున్నారు. మూడడుగుల లోతు, అంతే వెడల్పు. ఎండాకాలమంతా ఎండాలని ఇప్పుడే మొదలుపెట్టారు. ఒక వరసలో అడుగున్నర కిందే తెల్లటి సున్నపు పొర తగిలింది. పార వేస్తే ఖంగుమంటోంది. దాని మీద నాటిన మొక్క నాలుగైదేళ్లు బాగానే పెరుగుతుంది. తర్వాత వేరు కిందికి దిగలేక, సరిగ్గా కాపుకొచ్చే వేళకు ఆకు పాలిపోయి నిలబడిపోతుంది. అప్పటికి ఐదేళ్ల ఖర్చు అయిపోయుంటుంది. ఎకరాకు రెండు మూడు చోట్ల ఐదారడుగులు తవ్వించి చూశాకే భూమికి అడ్వాన్సు ఇవ్వాలనేది అందుకే. జేసీబీకి గంట పని.

గుంత నింపేటప్పుడు పై అడుగు మట్టిని విడిగా ఉంచుకుని, అందులో 25 కిలోల మాగిన పశువుల ఎరువు, 2 కిలోల సింగిల్ సూపర్ ఫాస్ఫేటు, రెండు కిలోల వేపపిండి కలుపుతారు. మాగని పేడ పోస్తే ఎర్ర నేలలో చెదలు పట్టడం ఖాయం. నెల్లూరులో పెద్ద వానలన్నీ అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే కాబట్టి తొలకరిని నమ్ముకుని నాటితే మొక్క ఎండిపోతుంది. సెప్టెంబరులో నాటితే ముసురు పట్టేలోపు వేరు పట్టుకుంటుంది. అంటు కట్టినచోటు నేలకు జానెడు పైన ఉండాలి. అక్కడి ప్లాస్టిక్ టేపు విప్పడం మరిస్తే కాండం నొక్కుకుపోయి, తుపాను గాలికి అక్కడికక్కడే విరుగుతుంది. అంటు కింద వచ్చే చిగుళ్లు గిల్లకుండా వదిలేస్తే మూడేళ్లకు మిగిలేది బంగినపల్లి కాదు, నాటు మామిడి. మొదటి మూడేళ్లు పూత వస్తే తుంచేయాల్సిందే.

దూరం విషయంలో ఎవరి వాదన వారిది. 10 మీటర్లకొకటి పెడితే ఎకరాకు 40 చెట్లు, 8 మీటర్లకైతే 63, 5 మీటర్లకైతే 160. దగ్గరగా నాటిన తోటకు ఏటా కోత కాగానే, జులై దాటకుండా కొమ్మలు కత్తిరించాలి. రెండేళ్లు మానేస్తే కొమ్మలు ఒకదానిలో ఒకటి దూరి, కాయ కొసకొమ్మల్లోనే మిగులుతుంది. ఊళ్లో ఉండి చేయించుకునేవాళ్లకు 160 సరే. బెంగళూరు నుంచి మూడు నెలలకోసారి వచ్చి చూసుకునేవాళ్లకు 8 మీటర్లే మేలు. మధ్యలో నాలుగేళ్లు అలసంద, వేరుశనగ వేసుకోవచ్చు.

ఎరువు లెక్క సులువు. చెట్టు వయసు ఏడాదికి నత్రజని, భాస్వరం, పొటాష్ ఒక్కొక్కటి 100 గ్రాముల చొప్పున పెంచుతూ పదో ఏట కిలో దగ్గర ఆపాలి. నాలుగేళ్ల చెట్టుకు యూరియా 870 గ్రాములు, సూపర్ రెండున్నర కిలోలు, మ్యూరేట్ ఆఫ్ పొటాష్ 670 గ్రాములు. సెప్టెంబరు తర్వాత యూరియా ముట్టుకోకూడదు.

అలా ఎందుకు కూడదో ఉదయగిరి కొండ కింద ఒక తోటలో కళ్లారా కనబడింది. ఒకే చెట్టు, ఒక పక్క నిండుగా పూత, రెండో పక్క రాగిరంగు లేత ఆకు. కాపలా ఉన్నతను, “కార్తీకంలో వాన పడితే ఇంతే సార్, పూత రావాల్సిన కాడ ఆకొస్తాది” అన్నాడు. మామిడికి పూత రావాలంటే ముందు రెండు మూడు నెలలు వేరు దగ్గర తడి తగ్గాలి, రాత్రి చలి తగలాలి. ఈ జిల్లాలకు వాన వచ్చేదే ఆ నెలల్లో. వానను ఆపలేం, నీళ్లు నిలవకుండా మాత్రం చూడొచ్చు. వాలుకు అడ్డంగా మురుగు కాలువలు తీసి, పాదుల కట్టలు తెంచేసిన తోటలో పూత నిండుగా ఉంది. పక్కనే వేసవి పాదులు అలాగే ఉంచిన తోటంతా చిగురే. ఆకు ముదిరిన చెట్లకు నవంబరు చివర, డిసెంబరులో లీటరుకు 10 గ్రాముల పొటాషియం నైట్రేట్ కొడితే మొగ్గ కదులుతుంది. లేత ఆకు మీద కొడితే దండగ.

పూగుత్తిని వేలితో తడితే చిటపటమంటూ తేనెమంచు పురుగులు ఎగిరాయి. కింది ఆకులు అప్పుడే జిగటగా ఉన్నాయి. ఇంకో పది రోజులకు మసి పడుతుంది. పూమొగ్గ విచ్చకముందే లీటరుకు 0.3 మి.లీ. ఇమిడాక్లోప్రిడ్, బూడిద తెగులుకు 3 గ్రాముల నీటిలో కరిగే గంధకం పిచికారీ చేయాలి. పువ్వులు విచ్చుకున్నాక చేస్తే ఈగలు చచ్చి పిందె కట్టదు. మళ్లీ బఠాణీ గింజంత పిందె పడ్డాకే.

ఈ ప్రాంతంలో గుత్త పద్ధతి ఎక్కువ. ఒక్క కాపు మీద ఇస్తే పర్లేదు. రెండు మూడేళ్లకు ఇచ్చిన తోటల్లో గుత్తదారు కల్టార్ (చెట్టు ఎదుగుదలను అణచి పూత తెప్పించే మందు) పోస్తాడు. చెట్టు కొమ్మల గొడుగు అడ్డుకొలత మీటరుకు 3 మి.లీ. చొప్పున ఆగస్టు, సెప్టెంబరులో పాదు చుట్టూ పోస్తే నవంబరు వానను తట్టుకుని పూత వచ్చేమాట నిజమే. కానీ మందు నేలలో మిగిలిపోతుంది. ఏటా అదే మోతాదు పోస్తే కణుపులు దగ్గరపడి, ఆకులు బెత్తెడు కొమ్మలో గుత్తిగా ముడుచుకుంటాయి, పూగుత్తి ముద్దకట్టి పిచికారీ లోపలికి దిగదు. గడువు తీరాక అతను వెళ్లిపోతాడు, చెట్టు మనకు మిగులుతుంది. అమ్మకానికున్న తోట చూసేటప్పుడు నిరుటి కొమ్మ ఎంత సాగిందో చూడండి. గుత్త కాగితంలో కల్టార్ ఏడాది విడిచి ఏడాదే అనీ, పదేళ్ల లోపు చెట్లకు అసలు వద్దనీ రాయించుకోవాలి.

రకం సంగతి మార్కెట్టే తేలుస్తుంది. బంగినపల్లికి చెన్నై దగ్గర. తోతాపురి బాగా కాస్తుంది, కానీ గుజ్జు ఫ్యాక్టరీలు చిత్తూరు వైపు. లారీ కిరాయి మన మీదే. 2025లో అక్కడే ధర పడిపోయి, ఫ్యాక్టరీల 8 రూపాయలకు ప్రభుత్వం 4 కలిపి కిలోకు 12 ఇప్పించాల్సి వచ్చింది.

పామూరు దాటి కనిగిరి వైపు వెళ్లేకొద్దీ ఆకుల కొసలు ఇటుకరంగులో మాడి కనిపిస్తాయి. తెగులేమోనని మందు కొడుతుంటారు. అది బోరు నీటి ఉప్పు. నీటి ఈసీ (నీటిలో ఉప్పు ఎంతుందో చెప్పే కొలత, డెసీసీమెన్స్/మీటరులో) 1 లోపు ఉంటే బెంగ లేదు, 2 దాటితే సపోటా వేసుకోవడం నయం. మధ్యస్థంగా ఉంటే మ్యూరేట్ మానేసి సల్ఫేట్ ఆఫ్ పొటాష్ వాడాలి. మ్యూరేట్‌లోని క్లోరైడే మాడుపును పెంచేది. కనిగిరి దగ్గర అమ్మకానికి చూపించిన తోట బోరు రెండించుల నీళ్లు పోస్తోంది. పక్క చేలో వాళ్లను అడిగితే మే నెలలో గంట పోసి ఆగిపోతుందన్నారు. కాయ ఊరేది ఏప్రిల్, మేలలోనే కదా. నీళ్లు పరీక్షకు పట్టుకుని, మేలో మళ్లీ వస్తామని చెప్పి బయల్దేరాం.