ముందు ఆట, మధ్యలో అభ్యాసం

జర్మనీలో పగలంతా కార్ల విడిభాగాల పరీక్షశాలలో ఉద్యోగం. సాయంత్రాలు మా పేటలోని క్లబ్బులో చిన్నపిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతాను. రెండోదానికి జీతం లేదు కానీ, వారమంతా నా మనసు దాని మీదే ఉంటుంది.

అక్కడ 2024 నుంచి చిన్నపిల్లల ఆట తీరు దేశమంతటా మారింది. ఆరేడేళ్ల వాళ్లకు జట్టుకు ఇద్దరో ముగ్గురో, గోల్‌కీపర్ ఉండడు, మైదానంలో నాలుగు చిన్న గోల్‌పోస్టులు, గోల్ కొట్టడానికి ఒక్కో జట్టుకు రెండు. ఒకదాని ముందు ప్రత్యర్థి నిలబడితే పిల్లవాడు తల ఎత్తి రెండోదాన్ని వెతుక్కోవాల్సిందే. చూడమని నేను అరవనక్కర లేదు.

సెలవుకు హనుమకొండ వచ్చినప్పుడు మా ఇంటి దగ్గరి మైదానంలో పిల్లలు కోన్ల మధ్య బంతి నడుపుతూ కనిపించారు. ఆడేదానికన్నా వరుసలో నిలబడేదే ఎక్కువ. నాకు ఆట నేర్పిన పీఈటీ సారుతో ఆ మాటే అన్నాను, ముందు ఆడనిస్తే ఆలోచించడం వస్తుందని కూడా.

"బంతి ఆపడమే రానివాడు ఏం ఆలోచిస్తాడయ్యా?" అన్నారు.

కొట్టిపారేయదగ్గ ప్రశ్న కాదు. నేను కబడ్డీ గుర్తు చేశాను. "కూతకు వెళ్లినవాడికి ఉన్నది 30 సెకన్లు కదా సార్. ఎదుట కనీసం ఆరుగురుంటేనే బోనస్. బోనస్ గీత దాటాలా, మూలనున్నవాణ్ణి కాలితో తాకాలా, వెనక్కి రావాలా అని అక్కడికక్కడే తేల్చుకోవాలి. రెండు కూతలు ఖాళీగా పోతే మూడోదాంట్లో పాయింటు తేవాలి, లేకపోతే ఔట్. పట్టేవాడు ఎదురు లేకుండా ఇదంతా ఎలా వస్తుంది?"

మర్నాడు సారే పిల్లలను నలుగురు చుట్టూ, ఒకడు మధ్యలో ఉండేలా నిలబెట్టారు. బంతి మాటిమాటికీ మధ్యవాడికే దొరికిపోయింది. అప్పుడు ఆపి, శరీరం సగం తిప్పి బంతికి దూరంగా ఉన్న కాలితో దాన్ని అందుకోవడం కాసేపు చేయించి, మళ్లీ ఆటలోకి పంపారు. ఎందుకు నేర్చుకుంటున్నారో పిల్లలకు తెలుసు కాబట్టి ఎవరూ విసుక్కోలేదు. ఇంగ్లండ్‌లోని లఫ్‌బరో విశ్వవిద్యాలయ అధ్యాపకులు బంకర్, థార్ప్ 1982లోనే ఈ వరుస ప్రతిపాదించారు: ముందు ఆట, అందులో ఎదురైన అవసరం, ఆ తరువాత నైపుణ్యం.

తల్లిదండ్రులను ఒప్పించడమే కష్టం. హనుమకొండలో ఒక తండ్రి, "ఆడించడం సరే, నేర్పడం ఎప్పుడు మొదలుపెడతారు?" అని అడిగారు. జర్మనీలోనూ ఇదే మాట వింటుంటాను.

ఎడమకాలితో బంతి తన్నడం మాత్రం సారు గోడకు ఎదురుగా నిలబెట్టి రోజూ విడిగా చేయిస్తారు. దానికి నేను అడ్డు చెప్పను. అన్నిసార్లు ఎడమకాలు వాడే అవకాశం ఏ ఆటలోనూ దొరకదు.