మలకాల్‌లో మనవాళ్ళు

మా కోనసీమలో కువైట్ వెళ్తున్నా, మస్కట్ వెళ్తున్నా అంటే ఎవరూ ఏమీ అడగరు, ఇంటికొకరు వెళ్ళొచ్చినవాళ్ళే. దక్షిణ సూడాన్ అన్నామో, "అక్కడ గొడవలు కదరా" అని ఒకరు, "ఐతే మిలటరీలో చేరావా" అని ఇంకొకరు. నేను మెకానిక్‌నండీ బాబూ. మలకాల్‌లోని ఐక్యరాజ్యసమితి బేస్‌లో జనరేటర్లు చూసే ప్రైవేటు కాంట్రాక్టరు దగ్గర పని. లైట్లు, నీళ్ళ మోటార్లు, ఆసుపత్రి అన్నీ డీజిల్ మీదే నడుస్తాయి, ఇంజను ఆగితే ఫోన్లన్నీ నాకే.

ఐక్యరాజ్యసమితి శాంతి సేనలో భాగంగా వచ్చిన మన భారత సైన్యం బెటాలియన్ కూడా అదే బేస్‌లో ఉంది. వాళ్ళలో ఒక హవల్దారు గారిది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం, అదేనండీ, మిలటరీ మాధవరం. "మా ఊళ్ళో ఎవరినడిగినా ఏదో ఒక బోర్డరు పేరే చెప్తారు, నాది కొంచెం దూరం పడిందంతే" అంటాడాయన.

శాంతి సేన అంటే తుపాకీ పట్టుకుని తిరగడమే అనుకుంటాం గానీ నేను చూసినంతలో కాపలా, రోడ్డు పని, వైద్యం, ఆఖరికి పశువుల వైద్యం. అవును, మన బెటాలియన్‌తో పశువుల డాక్టర్లు కూడా వస్తారు. అక్కడ ఆవే ఆస్తి, పెళ్ళికి ఓలి ఇచ్చేదీ ఆవుల్లోనే, ఊళ్ళ మధ్య చంపుకోవడాలు మొదలయ్యేదీ చాలాసార్లు ఆవుల దొంగతనాలతోనే. పశువుకి సూది వేసినవాడితో మనిషి నాలుగు మాటలు మాట్లాడతాడు, ఎక్కడేం జరగబోతోందో ఆ మాటల్లోనే తెలుస్తుంది.

నైలు నది పక్కనే. మన కాలవల్లో లాగే గుర్రపు డెక్క గుంపులు గుంపులుగా కొట్టుకొస్తుంది. రాజధాని జుబా నుంచి సరుకు పెద్ద పెద్ద పంటుల మీద వస్తుంది, వాటికి కాపలా బంగ్లాదేశ్ నేవీ వాళ్ళు. మాకు పడమట బెంటియు ఊళ్ళో 2021 వరదలప్పుడు శరణార్థుల శిబిరం, రన్‌వే మునిగిపోకుండా చుట్టూ మట్టి గట్టు వేసి నిలబెట్టింది పాకిస్తాన్ ఇంజనీర్లు. 1986 గోదావరి వరద చూసిన మా నాన్నకి ఆ వీడియో చూపిస్తే ఆయన అడిగింది ఒక్కటే, "రాత్రిపూట గట్టు మీద ఎవరుంటార్రా?"

ఇప్పటిదాకా మన దేశం నుంచి 2 లక్షల 90 వేల మందికి పైగా ఇలా 50కి పైగా మిషన్లకి వెళ్ళారు. కాంగోలో 1961లో చనిపోయిన కెప్టెన్ గుర్బచన్ సింగ్ సలారియాకి పరమవీర చక్ర ఇచ్చారు. 2007లో లైబీరియాకి అచ్చంగా ఆడవాళ్ళ పోలీసు దళాన్ని పంపాం, ఐక్యరాజ్యసమితిలో అలాంటిది అదే మొదటిది. ప్రాణాలు పోయినవాళ్ళు దాదాపు 180 మంది, ఇంకే దేశమూ అంతమందిని పోగొట్టుకోలేదు. 2013 ఏప్రిల్‌లో ఈ దక్షిణ సూడాన్‌లోనే జోంగ్లై రాష్ట్రంలో కాన్వాయ్ మీద దాడి చేసి మన సైనికులు ఐదుగురిని చంపేశారు. అదే దాడిలో ఏడుగురు సివిలియన్లూ పోయారు, అందులో ఐదుగురు నాలాంటి కాంట్రాక్టు పనివాళ్ళు. ఈ సంగతి ఇంట్లో చెప్పలేదు.

అలాగని అంతా గొప్పే అని నేననను. 2016 ఫిబ్రవరిలో మా మలకాల్ బేస్‌లో ఉన్న శరణార్థుల శిబిరం మీదే దాడి జరిగి 30 మంది దాకా చనిపోయారు, సైన్యాలు కదలడం ఆలస్యమైందని ఐక్యరాజ్యసమితి విచారణే తేల్చింది. అప్పుడక్కడున్న దళాల్లో మనవాళ్ళూ ఉన్నారు. శిబిరంలో పాతవాళ్ళకి ఇంకా కోపమే, మనం ఎన్ని సూదులు వేసినా.

డబ్బుల సంగతి ఊళ్ళో అందరూ అడుగుతారు. ఐక్యరాజ్యసమితి ఇచ్చేది ఒక్కో సైనికుడికి నెలకి 1,400 డాలర్ల పైచిలుకు, ఏ దేశం వాడికైనా ఒకటే రేటు, అది ఆ దేశ ప్రభుత్వానికి వెళ్తుంది, అదీ చాలాసార్లు ఆలస్యంగా. ఖర్చులో పెద్ద వాటా కట్టాల్సింది అమెరికా, చైనా. మనుషుల్ని ఎక్కువగా పంపేది నేపాల్, రువాండా, బంగ్లాదేశ్, మనం. కట్టాల్సినవాళ్ళు సరిగ్గా కట్టక, 2025లో మిషన్లలో సుమారు పావు వంతు మందిని తగ్గిస్తామన్నారు. ఆ కోత ముందు మాలాంటి కాంట్రాక్టుల మీదే పడుతుందని క్యాంపులో ఒకటే టెన్షన్. మా బావ మస్కట్‌లో ఏసీ మెకానిక్ పని ఉంది వచ్చేయమంటున్నాడు, జీతం ఇంచుమించు ఇంతే. పాస్‌పోర్టు కాపీ పంపాను.