చలికాలానికి ముందు గ్యాస్ ఫర్నేస్: మనం చేసుకునేది, ముట్టుకోకూడనిది

అమెరికాలో ఇల్లు కొన్న మనవాళ్లు చాలామంది ఫర్నేస్ (గ్యాస్ మంటతో ఇంటిని వేడిచేసే యంత్రం) దగ్గరికి వెళ్లేది అది పనిచేయడం మానేశాకే. చికాగో, డెట్రాయిట్, న్యూజెర్సీ వైపు అది బేస్‌మెంట్‌లో ఉంటుంది. డాలస్ వైపు చాలా ఇళ్లలో అటక మీద. అక్టోబర్‌లో ఒక పూట దానికి కేటాయిస్తే, నడిచలికాలంలో ఇల్లు చల్లబడిపోయే కారణాల్లో చాలావాటిని ముందే వదిలించుకోవచ్చు. ఫిల్టర్, ఫ్లేమ్ సెన్సర్, నీరు పోయే గొట్టాలు, దుమ్ము దులపడం ఇంటివాళ్లు చేసుకోగలిగినవే. గ్యాస్ వాల్వ్, గ్యాస్ ప్రెషర్, హీట్ ఎక్స్ఛేంజర్ (మంట వేడిని ఇంటి గాలికి అందించే రేకు భాగం) మాత్రం లైసెన్సున్న టెక్నీషియన్ పని. ఈ గీత దాటొద్దు.

థర్మోస్టాట్ వేడి అడగ్గానే మంట రాదు. ముందు ఇండ్యూసర్ అనే చిన్న ఫ్యాన్ తిరిగి పొగగొట్టం వైపు గాలి లాగుతుంది. ఆ లాగుడు సరిపడా ఉంటేనే ప్రెషర్ స్విచ్ కలుస్తుంది. తర్వాత ఇగ్నైటర్ ఎర్రగా కాలుతుంది, గ్యాస్ వాల్వ్ తెరుచుకుంటుంది, బర్నర్లు అంటుకుంటాయి. మంట ఉందని ఫ్లేమ్ సెన్సర్ కొన్ని సెకన్లలో చెప్పకపోతే ఫర్నేస్‌ని నడిపే కంట్రోల్ బోర్డు గ్యాస్ ఆపేస్తుంది. అన్నీ బాగుంటే సుమారు అర నిమిషానికి ఇంట్లోకి వేడిగాలి తోసే పెద్ద ఫ్యాన్, అంటే బ్లోయర్, మొదలవుతుంది. ఫర్నేస్ ఏ మెట్టు దగ్గర ఆగిందో చూస్తే లోపం ఎక్కడుందో సగం దొరికినట్టే. బోర్డు మీది చిన్న లైటు ఎన్నిసార్లు మిణుకుమంటే ఏమిటన్నది తలుపు లోపలివైపు అంటించిన కాగితంలో ఉంటుంది. కరెంటు తీస్తే కొన్ని బోర్డుల్లో ఆ కోడ్ చెరిగిపోతుంది కాబట్టి ముందే లెక్కపెట్టి రాసుకోండి.

పని మొదలుపెట్టేముందు థర్మోస్టాట్ ఆఫ్ చేయండి. ఫర్నేస్ పక్కన మామూలు లైటు స్విచ్‌లా ఉండేదాన్నీ, ప్యానెల్‌లో బ్రేకర్‌నీ ఆపండి. గ్యాస్ పైపు మీది పిడిని పావు చుట్టు తిప్పి పైపుకి అడ్డంగా పెట్టండి. అడ్డంగా ఉంటే మూసినట్టు, పైపు వెంట ఉంటే తెరిచినట్టు. వేడి ఆరేదాకా ఆగండి. రేకు అంచులు చర్మాన్ని కోసేస్తాయి, గ్లవ్స్ తప్పనిసరి. అటక మీదైతే దూలాల మీదే కాలు పెట్టాలి.

ముందు ఫిల్టర్. 1 అంగుళం మందం ఉన్నదైతే నెలనెలా తీసి చూసి, 1 నుంచి 3 నెలల్లో మార్చాలి. 4, 5 అంగుళాలవి 6 నుంచి 12 నెలలు వస్తాయి. రోజూ పోపులు, వేపుళ్లు, సాంబ్రాణి పొగ ఉండే ఇళ్లలో, అందులోనూ వంటగది హుడ్ గాలిని బయటికి పంపకుండా మళ్లీ ఇంట్లోకే వదిలేదైతే, నూనె జిడ్డుకి దుమ్ము అంటుకుని ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. బాణం గుర్తు బ్లోయర్ వైపు ఉండాలి. మెర్వ్ (వడపోత ఎంత సన్నదో చెప్పే అంకె) 13 ఆరోగ్యానికి మంచిదని 1 అంగుళం గాడిలో పెట్టేస్తుంటారు. చాలా ఫర్నేసుల్లో అది గాలిని బిగబడుతుంది. గాలి తగ్గితే హీట్ ఎక్స్ఛేంజర్ అతిగా వేడెక్కి లిమిట్ స్విచ్ మాటిమాటికీ మంటను ఆపుతుంది. అలా ఏళ్ల తరబడి జరిగితే ఆ రేకు పగులుతుంది. 1 అంగుళం గాడికి మెర్వ్ 8 చాలని నా అభిప్రాయం. అంతకంటే సన్నటి వడపోత కావాలంటే 4 అంగుళాల ఫిల్టర్ పట్టే పెట్టె పెట్టించుకోవాలి.

బర్నర్లు అంటుకుని, నాలుగైదు సెకన్లకే ఆరిపోయి, మళ్లీ అంటుకుని, కొన్ని ప్రయత్నాల తర్వాత ఫర్నేస్ మొరాయిస్తే మొదటి అనుమానం ఫ్లేమ్ సెన్సర్ మీద పెట్టండి. చివరి బర్నర్ మంటలోకి చొచ్చుకుని ఉండే సన్నటి లోహపు కడ్డీ అది. దానికి ఒకే వైరు, ఒకే స్క్రూ. పావు అంగుళం నట్ డ్రైవర్ చాలు. బోర్డు ఆ కడ్డీకి ఏసీ వోల్టేజ్ ఇస్తుంది. మంట ఆ కరెంటును ఒక దిశలోనే ఎక్కువగా పోనిస్తుంది, దాంతో అతి చిన్న డీసీ కరెంటు పుడుతుంది. మామూలుగా అది 1 నుంచి 6 మైక్రోఆంప్స్ ఉంటుంది. కడ్డీ మీద కంటికి సరిగా కనిపించని పొర పేరుకున్నా ఆ కరెంటు పడిపోతుంది. మంట ఎదురుగా ఉన్నా బోర్డుకి లేనట్టే. సన్నటి స్టీల్ వూల్‌తో మెల్లగా రుద్ది, పొడి గుడ్డతో తుడవండి. గరుకు కాగితం వద్దు, దాని రేణువులు గీతల్లో ఇరుక్కుంటాయి. తెల్లటి పింగాణీ భాగం పగిలితే కడ్డీ మార్చాల్సిందే. బర్నర్ల దగ్గరే ఉండే ఇగ్నైటర్‌ని మాత్రం వేలితో తాకొద్దు. చర్మం నూనె అంటిన చోట వేడి ఎక్కువై పగులుతుంది, కొన్ని రకాలు చిన్న దెబ్బకే విరిగిపోతాయి.

బర్నర్ల చుట్టూ తుప్పు పొడి, సాలెగూడు ఉంటే మెత్తటి బ్రష్‌తో కదిపి వాక్యూమ్‌తో లాగండి. గ్యాస్ వచ్చే సన్నటి రంధ్రాల్లో తీగ పెట్టి పొడవొద్దు. రంధ్రం కాస్త పెద్దదైనా గ్యాస్ లెక్క తప్పుతుంది.

తెల్లటి ప్లాస్టిక్ పైపులు బయటికి పోతుంటే మీది ఎక్కువ సామర్థ్యం ఉన్న రకం. ఇది పొగలోని ఆవిరిని నీరుగా మారుస్తుంది. ఆ నీరు పోయే ట్రాప్‌లో (కాస్త నీరు నిలిచి ఉండే చిన్న పెట్టె) జిగురు పేరుకుంటే ఇండ్యూసర్ తిరుగుతున్నా ప్రెషర్ స్విచ్ కలవదు. ట్రాప్ విప్పి గోరువెచ్చటి నీళ్లతో కడిగి, బిగించేముందు అందులో నీళ్లు నింపండి. ప్రెషర్ స్విచ్‌కి వెళ్లే రబ్బరు గొట్టం మూసుకుపోయిందనిపిస్తే ముందు స్విచ్ నుంచి ఊడదీసి, ఆ తర్వాతే ఊదాలి. తగిలించి ఉండగా ఊదితే స్విచ్ లోపలి పొర చిరుగుతుంది. బయట ఆ పైపుల మూతులు మంచుకి కనీసం 12 అంగుళాల ఎత్తులో ఉండాలి. ఆకులు, పిట్టగూళ్లు తీసేయండి.

మెటల్ పొగగొట్టం ఉన్న 80 శాతం సామర్థ్యం రకాల్లో చాలావరకు మంటకి గదిలోని గాలినే వాడుకుంటాయి. లెక్క ఇది: ప్రతి 1000 బీటీయూలకి (గంటకి ఎంత వేడి అన్నదానికి కొలత) 50 ఘనపుటడుగుల గది కావాలి. 80,000 బీటీయూల ఫర్నేస్‌కి 4000. పక్కనే 40,000 బీటీయూల వాటర్ హీటర్ ఉంటే మొత్తం 6000. బేస్‌మెంట్‌లో హోమ్ థియేటరో పూజగదో కట్టించి ఫర్నేస్‌ని చిన్న గదిలోకి నెట్టేసినప్పుడు ఈ లెక్క తప్పుతుంది, గాలి చాలక కార్బన్ మోనాక్సైడ్ పుడుతుంది. గోడ కట్టకముందే గాలి దారుల గురించి కాంట్రాక్టర్‌ని అడగండి. ఫర్నేస్ ముందు 30 అంగుళాలు ఖాళీగా ఉంచండి. ఇండియా ప్రయాణాల సూట్‌కేసులు, అట్టపెట్టెలు అక్కడ పేర్చొద్దు. బ్లీచ్, పెయింట్ డబ్బాలు అసలే వద్దు. బ్లీచ్ ఆవిర్లు మంటలో కలిస్తే ఆమ్లమై హీట్ ఎక్స్ఛేంజర్‌ని తినేస్తాయి.

అన్నీ బిగించాక గ్యాస్ తెరిచి, పైపు కీళ్ల మీద సబ్బునీళ్లు రాయండి. బుడగలు వస్తే మూసేసి టెక్నీషియన్‌ని పిలవాలి. ఇల్లంతా గ్యాస్ వాసనైతే స్విచ్‌లేవీ ముట్టుకోకుండా అందరూ బయటికి వెళ్లి, అక్కడి నుంచే గ్యాస్ కంపెనీకో 911కో ఫోన్ చేయండి. మొదటిసారి వేడి పెట్టినప్పుడు కాసేపు దుమ్ము కాలిన వాసన మామూలే. మంట నీలంగా, నిలకడగా ఉండాలి. పసుపుగా ఉన్నా, బ్లోయర్ మొదలవగానే అల్లాడినా ఆపేయండి. రెండోది హీట్ ఎక్స్ఛేంజర్ పగులుకి గుర్తు కావచ్చు. మంట బయటికి తన్నితే పడిపోయే రోల్‌అవుట్ స్విచ్ బటన్ నొక్కి మళ్లీ నడిపించడం, తలుపు తీస్తే ఫర్నేస్‌ని ఆపే తలుపు స్విచ్‌కి టేప్ అంటించడం ప్రాణాంతకం.

ప్రతి అంతస్తులోనూ, పడకగదుల బయటా కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉండాలి. 70 పీపీఎం (గాలిలో పది లక్షల్లో 70 వంతులు) ఉంటే అది మోగడానికి 1 నుంచి 4 గంటలు పట్టొచ్చు, 400 ఉంటే 4 నుంచి 15 నిమిషాలు. మోగలేదంటే గాలి పూర్తిగా శుభ్రమని కాదు. వెనక ఉన్న గడువు తేదీ చూసి మార్చండి.

టెక్నీషియన్ వచ్చినప్పుడు మూడు అంకెలు కాగితం మీద రాయించుకోండి: మ్యానిఫోల్డ్ ప్రెషర్, అంటే బర్నర్లకి వెళ్లే గ్యాస్ ఒత్తిడి (సహజ వాయువుకి సాధారణంగా వాటర్ కాలమ్ అనే కొలతలో 3.5 అంగుళాలు), పొగలో కార్బన్ మోనాక్సైడ్ పీపీఎం, లోపలికి వెళ్లే గాలికీ వచ్చే గాలికీ మధ్య ఉష్ణోగ్రత తేడా. ఈ చివరిది ఫర్నేస్ లోపలి ప్లేట్ మీద, ఉదాహరణకు 35 నుంచి 65 డిగ్రీల ఫారెన్‌హీట్ అని, ముద్రించి ఉంటుంది. కొలిచిన అంకె ఆ హద్దుల్లో లేకపోతే ఎందుకో చెప్పేదాకా ఆయన్ని పంపకండి.